విదేశంలో ఉండి పాలమూరు పిల్లలను చదివించాలంటే: చిన్న ట్రస్టు ద్వారా సాయం చేసే పద్ధతి

గద్వాల వైపు విత్తన పత్తి వేసే ఊరికి వెళ్లి, అక్కడి బడిలో సెప్టెంబరు నెల హాజరు పట్టీ తెరిచి చూడండి. జులైలో నిండుగా ఉన్న వరుసలు ఆగస్టు చివరికి వచ్చేసరికి చెదలు తిన్న చీరలా మారిపోతాయి. ఆ పిల్లలు చేలో ఉంటారు. మధ్యాహ్నం దాటాక మొగ్గ విప్పి అందులోని మగ భాగం తీసేయాలి, మరునాటి ఉదయం వేరే మొక్క పువ్వు తెచ్చి దానికి రాయాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఉదయం పని, మధ్యాహ్నం పని కలిస్తే సరిగ్గా బడి వేళ అవుతుంది. పంట ఎదుగుదలే అలాంటిది, బడి గంట దానికి పట్టదు.

నేను చాలా ఏళ్లు ప్రభుత్వ బడుల్లో పాఠాలు చెప్పి, ఇప్పుడు ఒక చిన్న ట్రస్టుకు లెక్కలు చూస్తున్నాను. డాలస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో ఎవరో ఒకరు ఫోను చేస్తారు. ‘సార్, ఒక పాపను చదివిస్తాను, ఏడాదికి ఎంత పంపమంటారు?’ మంచి మనసుతో అడిగే ప్రశ్నే. కానీ ఎంత అన్నది నాలుగో మెట్టు మీద తేలాల్సిన సంగతి. మొదటి మూడు మెట్లు దాటకుండా పంపిన డబ్బు చాలాసార్లు బ్యాగుల మీద ట్రస్టు పేరు అచ్చు వేయించడానికే సరిపోతుంది.

మొదటి మెట్టు: ఖాళీ ఎక్కడుందో చూడండి

ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు ఉచితంగా అందించాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ బడిలో ఫీజు లేదు. పాఠ్యపుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం అక్కడే దొరుకుతాయి. ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి, సీటు దొరికినవారికి గురుకులాలు ఉన్నాయి. మరి మీ డబ్బు దేనికి?

ఫీజుకు కాదు. ప్రభుత్వం ఇచ్చేదానికి, ఆ ఇంటికి నిజంగా కావలసినదానికి మధ్య ఒక సందు ఉంటుంది. డబ్బు ఆ సందులో పడాలి. ఆ సందు ఊరూరికీ మారుతుంది.

నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు అది వలస రూపంలో కనిపిస్తుంది. కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెడతాడు, తల్లిదండ్రులు ముంబైకో పుణేకో బయలుదేరతారు. అవ్వ దగ్గర వదిలే వీలుంటే పిల్ల ఊళ్లో ఉంటుంది, లేకపోతే వాళ్ల వెంట వెళ్లిపోతుంది. అక్కడ కావలసింది తల్లిదండ్రులు తిరిగి వచ్చేదాకా తిండి, పడక, పెద్ద దిక్కు దొరికే చోటు. పుస్తకాల సంచి ఆ లోటు తీర్చలేదు. పక్కనున్న నల్గొండ జిల్లా దేవరకొండ డివిజన్‌లోని చందంపేట తండాల్లో సమస్య దారి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు, మహిళలకు టికెట్ లేదు. కానీ బస్సే రాని తండాకు ఉచిత టికెట్ వల్ల ఒరిగేదేమీ లేదు. అక్కడ సైకిలో, నెలవారీ ఆటోనో కావాలి. అమ్రాబాద్ వైపు నల్లమల చెంచు పెంటల్లో, అంటే అడవిలోని చిన్న గూడేల్లో, చాలామంది పిల్లలు వాళ్ల ఇంట్లో మొదటిసారి బడి గడప తొక్కినవారు. వారికి కావలసింది సాయంత్రం పక్కన కూర్చుని చదివించే మనిషి, కులం సర్టిఫికెట్, ఆధార్ వంటి కాగితాలు చేయించే మనిషి.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా అక్షరాస్యత 55 శాతం దగ్గర ఆగింది. ఆ జిల్లా ఇప్పుడు ఐదుగా విడిపోయింది. ఐదింటి అవసరాలూ ఒకటి కావు. కాబట్టి ఏ ట్రస్టునైనా మొదట అడగాల్సిన మాట ఇది: ‘మీ ఊళ్లో పిల్లలు ఏ నెలలో బడి మానేస్తారు? ఎందుకు?’ తడుముకోకుండా నెల పేరు చెప్పినవాళ్లకు ఊరు తెలుసు. ‘పేదరికం వల్ల’ అని మాత్రమే చెప్పేవాళ్లను మరో రెండు ప్రశ్నలు అడగండి.

రెండో మెట్టు: మీ పాస్‌పోర్టు రంగు

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. తప్పు పంపినవారిదైనా చిక్కులో పడేది ఇక్కడి ట్రస్టే.

మీరు ఎన్నేళ్లుగా విదేశంలో ఉన్నా భారత పాస్‌పోర్టు మీ చేతిలోనే ఉంటే, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇచ్చే విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. మామూలు ట్రస్టు కూడా తన మామూలు ఖాతాలో తీసుకోవచ్చు. మీ ఎన్నారై ఖాతా నుంచి పంపితే లెక్క శుభ్రంగా ఉంటుంది. ట్రస్టువాళ్లు పాస్‌పోర్టు నకలు అడిగితే నొచ్చుకోకండి, అడగనివాళ్లను చూసే కాస్త ఆలోచించాలి.

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్నారా? అప్పుడు ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా చట్టం దృష్టిలో మీరు విదేశీ దాతే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అందరూ ఎఫ్‌సీఆర్‌ఏ అని పిలిచేది, ఇక్కడ అడ్డు నిలుస్తుంది. ఆ చట్టం కింద కేంద్ర హోంశాఖ వద్ద నమోదైన సంస్థ, లేదా ముందస్తు అనుమతి తెచ్చుకున్న సంస్థ మాత్రమే మీ డబ్బు ముట్టుకోవాలి. నమోదు ఐదేళ్లకు ఉంటుంది, తర్వాత పునరుద్ధరించుకోవాలి. డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఆ సంస్థ తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే రావాలి. ‘మా ఊరి బ్రాంచి ఖాతాకు వేయండి సార్, ఏం కాదు’ అని ఎవరైనా అంటే పెద్ద నమస్కారం పెట్టి ఫోను పెట్టేయండి.

చిన్న ట్రస్టుల్లో చాలావాటికి ఈ నమోదు ఉండదు. అది దొరకాలంటే మూడేళ్లుగా పనిచేస్తూ, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షల రూపాయలు అసలు పని మీద ఖర్చు చేసి ఉండాలి. గుడిసెలో ట్యూషన్ నడిపేవాళ్లకు అంత లెక్క ఎక్కడిది? అందుకే పూర్వం హైదరాబాదులోని ఏదో పెద్ద సంస్థ డబ్బు తీసుకుని ఊరి సంస్థకు పంచేది. 2020 సవరణ ఆ దారి మూసేసింది. ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. ఇంకా అలా చేస్తామని చెప్పేవాళ్లు ఉన్నారు. వాళ్లది మంచి ఉద్దేశమే కావచ్చు, రేపు పోయేది మాత్రం వాళ్ల నమోదే.

విదేశీ పౌరులకు మిగిలే దారులు రెండు. నమోదు ఉన్న సంస్థల్లోనే చిన్నదాన్ని, ఊళ్లో తనే పనిచేసేదాన్ని వెతుక్కోవడం ఒకటి. నమోదు లేని సంస్థ ఒక దాత నుంచి, ఒక పనికి, ఇంత మొత్తం అని చెప్పి హోంశాఖ ముందస్తు అనుమతి తెచ్చుకోవడం రెండోది. దానికి దాత హామీ లేఖ ఇవ్వాలి. ఓపికతో కూడిన పని, అయినా నలుగురు స్నేహితులు కలిసి మీరున్న దేశంలో ఒక సంఘం పెట్టుకుని, ఒకే పెద్ద మొత్తంగా ఇవ్వదలిస్తే ఆలోచించదగ్గదే.

సొంత చుట్టాలకు డబ్బు పంపడం వేరే సంగతి. 2022 నుంచి విదేశాల్లోని బంధువుల దగ్గర ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా ప్రభుత్వానికి తెలియజేయకుండానే తీసుకోవచ్చు. మేనకోడలి కాలేజీ ఖర్చు పంపడానికి ఇది చాలు. బావమరిది పేరు మీద వేసి అతని చేత ట్రస్టుకు ఇప్పించడానికి మాత్రం ఈ సౌకర్యం పెట్టలేదు.

పన్ను సంగతి క్లుప్తంగా. భారత్‌లో ఆదాయం ఉండి పాత పన్ను విధానంలో ఉన్నవారికే 80జీ మినహాయింపు, అంటే విరాళం ఇచ్చినందుకు పన్నులో వచ్చే తగ్గింపు, పనికొస్తుంది. నగదుగా ఇచ్చినది 2,000 రూపాయలు దాటితే అదీ రాదు. 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి రావాలని నిర్ణయించారు, అందులో సెక్షన్ల నంబర్లు వేరు. మీ ఆడిటర్ కొత్త నంబరు చెబితే కంగారు పడకండి. అమెరికాలో మినహాయింపు కావాలంటే 501(సి)(3) గుర్తింపు ఉన్న, అంటే అక్కడి పన్ను శాఖ ధర్మసంస్థగా ఒప్పుకున్న, సంస్థకు ఇవ్వాలి, నేరుగా ఇక్కడి ట్రస్టుకు ఇస్తే అది రాదు. బ్రిటన్‌లో అక్కడి గుర్తింపు పొందిన సంస్థకు ఇచ్చే పన్ను చెల్లింపుదారులైతే గిఫ్ట్ ఎయిడ్ ఫారం నింపండి, ప్రతి పౌండుకు ప్రభుత్వం నుంచి మరో 25 పెన్స్ ఆ సంస్థకు చేరుతుంది. గల్ఫ్‌లో జీతం మీద పన్నే లేదు కాబట్టి ఈ తలనొప్పీ లేదు.

మూడో మెట్టు: ట్రస్టును పట్టి చూడటం

కాగితాలు ముందు. రిజిస్ట్రేషన్ పత్రం, పాన్, నీతి ఆయోగ్ దర్పణ్ నంబరు (స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ జాబితాలోది), ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన 12ఏబీ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ నమోదులు, మూడేళ్ల ఆడిట్ నివేదికలు. విదేశీ విరాళం తీసుకునేవారైతే ఎఫ్‌సీఆర్‌ఏ పత్రం మీద గడువు తేదీ, కిందటేడు దాఖలు చేసిన ఎఫ్‌సీ-4 (విదేశీ విరాళాల వార్షిక లెక్క) నకలు. పిల్లలను రాత్రి పూట ఉంచుకునే చోటైతే బాలల న్యాయ చట్టం కింద నమోదు గురించి, అనుమతుల గురించి తప్పకుండా అడగండి. ఇవన్నీ ఒక వారంలో మెయిలులో రావాలి. రాకపోతే మీరు అడగడం ఆపేసేవరకు రావు.

కాగితాలు సరిగా ఉన్నంత మాత్రాన పని సరిగా ఉన్నట్టు కాదు. నేను చూసినంతలో ఒక ట్రస్టు విలువ దాని కార్యకర్త నోటుబుక్కులో ఉంటుంది. మా దగ్గర పనిచేసే అమ్మాయి డిగ్రీ చదివింది, పక్క ఊరిదే. ఆమె పుస్తకంలో పేజీకి నాలుగు గడులు: పేరు, రాని రోజు, ఇంటికి వెళ్లిన రోజు, ఎవరు ఏమన్నారు. ఒక పేజీలో ఇలా ఉంది. ‘మంగళవారం రాలేదు. గురువారం వెళ్లాను. తమ్ముడికి జ్వరం, తల్లి కూలికి పోయింది. సోమవారం పంపుతామన్నారు. సోమవారం రాలేదు. మళ్లీ వెళ్లాను.’ ఆ ‘మళ్లీ వెళ్లాను’ దగ్గరే చదువు ఆగడమో సాగడమో తేలుతుంది. వారం బడి మానిన పిల్లను వెనక్కి తేవచ్చు, మూడు నెలలు మానిన పిల్లకు అప్పటికే ఇంట్లో ఒక పని కుదిరిపోయి ఉంటుంది.

వీడియో కాల్‌లో ఆ నోటుబుక్కు చూపమనండి, పేర్లు చేత్తో మూసి చూపినా చాలు. నోటుబుక్కే లేకపోతే ఆ సంస్థ ఎంత పెద్ద సభ పెట్టినా నాకు నమ్మకం కుదరదు.

నాలుగో మెట్టు: ఎంత?

ఇప్పుడు లెక్క. తండా నుంచి హైస్కూలుకు ఆటోలో వెళ్లే ఎనిమిదో తరగతి పాపకు మేము వేసిన అంచనా ఒకటి చూపిస్తాను. మీ ఊళ్లో ధరలు వేరుగా ఉండవచ్చు. ఆటో నెలకు 700 చొప్పున పది నెలలకు 7,000. నోటుబుక్కులు, జామెట్రీ బాక్సు, సంచి 1,800. చెప్పులు, చలికోటు 900. శానిటరీ ప్యాడ్లు, సబ్బులు, చిన్నాచితకా మందులు 1,500. మీ సేవలో సర్టిఫికెట్లు, ఫొటోలు, రాకపోకలు 400. సాయంత్రం ట్యూషన్ చెప్పేవారి జీతంలో ఆ పాప వంతు 3,000. కార్యకర్త జీతంలో వంతు 2,400. మొత్తం 17,000 రూపాయలు.

చివరి రెండు పద్దులు చూడగానే కొందరు దాతల ముఖం మారుతుంది. ‘జీతాలకెందుకండీ, పాపకే పోవాలి మొత్తం.’ మీరు కూడా అలాగే అనుకుంటుంటే ఒక్క నిమిషం ఆగండి. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అని ఒక స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటని ప్రభుత్వ బడి పిల్లలు రాయవచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000, అంటే నాలుగేళ్లలో 48,000 రూపాయలు. దానికి ఆదాయం సర్టిఫికెట్ కావాలి, బ్యాంకు ఖాతా కావాలి, ఆధార్‌లో పేరు బడి రిజిస్టరులో పేరుతో అక్షరం తేడా లేకుండా కలవాలి. మా ఒక విద్యార్థిని పేరు ఒకచోట ‘లక్ష్మి’, మరోచోట ‘లచ్చమ్మ’. దాన్ని సరిచేయించడానికి కార్యకర్త మండల కేంద్రానికి ఐదుసార్లు తిరిగింది. మీ 2,400 రూపాయలు చేసిన పని అదే.

ఎఫ్‌సీఆర్‌ఏ సంస్థల పాలనా ఖర్చు విదేశీ విరాళంలో 20 శాతం దాటకూడదు. 2020కి ముందు ఈ పరిమితి 50 శాతం. బడిలో పాఠం చెప్పే టీచరు జీతం ఇందులోకి రాదు. దేశీయ విరాళాలకు ఇలాంటి గీత లేకపోయినా, పాలనకు ఎంత, పనికి ఎంత అని విడివిడిగా చూపమని అడగడం మీ హక్కు. ‘మా దగ్గర పాలనా ఖర్చు సున్నా’ అని గొప్పగా చెప్పుకునేవాళ్లతో మరింత జాగ్రత్త. కరెంటు బిల్లు ఎవరో ఒకరు కట్టాలి కదా.

ఐదో మెట్టు: ఒక పాప ఫొటోనా, ఒక తరగతా?

నా ఓటు తరగతికే. ఒకే తండాలో పది మందిలో ముగ్గురికి దాతలు దొరికి, ముగ్గురికి కొత్త సైకిళ్లు వచ్చి, మిగిలిన ఏడుగురు నడిచి వెళ్తుంటే ఆ దారిలో ఏం జరుగుతుందో ఊహించండి. పైగా మీ పాప గురుకులంలో సీటు వచ్చి వెళ్లిపోతే మీకు నిరాశ కలగకూడదు, అది పండుగ చేసుకోవాల్సిన సంగతి. పది మంది ఖర్చును ఐదారుగురు దాతలు కలిసి మోస్తే ఒకరు తప్పుకున్నా ఏ పిల్లా నడిరోడ్డు మీద పడదు.

ఒక్కరినే చదివిస్తానని మీరు పట్టుబడితే తప్పేమీ లేదు, కానీ ఉత్తరాల విషయంలో పట్టు విడవండి. ఒకప్పుడు నాకు తెలిసిన ఒక సంస్థలో దాతలకు దసరా ఉత్తరాలు రాయించారు. టీచరు నల్లబల్ల మీద నమూనా రాశారు, పదకొండు మంది పిల్లలు బుద్ధిగా దించారు. ‘మా ఇంట్లో తెల్ల ఆవు ఉంది, దాని పేరు గౌరి’ అన్నది అందులో ఒక వాక్యం. దాతల్లో ఇద్దరు తోడల్లుళ్లు, ఒకే ఊళ్లో ఉంటారు. భోజనాల దగ్గర ఉత్తరాలు బయటికి తీశారు. గౌరి రెండిళ్లలోనూ ఉంది! నిజానికి ఆ పదకొండు ఇళ్లలో ఒక్కరికీ ఆవు లేదు.

పిల్ల పూర్తి పేరు, ఊరు, బడి పేరు, ఫొటో కలిపి మీ ఫేస్‌బుక్ గోడ మీద పెట్టకండి. ఆ పిల్లకు కూడా రేపు ఒక ఫోను వస్తుంది, తన ‘పేద విద్యార్థిని’ ఫొటో స్నేహితురాళ్లు చూస్తారు. పిల్లతో నేరుగా ఫోనులో మాట్లాడే ఏర్పాటు, మధ్యలో పెద్దలెవరూ లేకుండా, ఏ ట్రస్టూ చేయకూడదు. చేస్తామంటే దాన్ని సౌకర్యంగా కాదు, లోపంగా లెక్కించండి. పిల్లకు హాని జరుగుతోందని ఎప్పుడైనా అనుమానం వస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయించండి.

ఆరో మెట్టు: ఎప్పుడు పంపాలి

దాతల క్యాలెండరు, బడి క్యాలెండరు ఒకటి కావు. అమెరికా నుంచి డబ్బు డిసెంబరు చివరి వారంలో వస్తుంది, అక్కడి పన్ను ఏడాది ముగింపు కాబట్టి. మా బడులు తెరిచేది జూన్ 12 ప్రాంతంలో. ఆటోవాడితో బేరం, నోటుబుక్కుల కొనుగోలు, ట్యూషన్ టీచరు నియామకం అన్నీ మే నెలలో జరగాలి. సగం మొత్తం మే 15 లోపు, మిగతా సగం దసరాకు ముందు చేరేలా చూడండి. రెండోది ఎందుకంటే మేస్త్రీ అడ్వాన్సుకు, క్రాసింగ్ కూలికి ఆశపడే ఇళ్ల చుట్టూ కార్యకర్త ఎక్కువగా తిరగాల్సిన కాలం అదే.

పంపాక రసీదు, 80జీ వాడుకునేవారైతే ఆదాయపు పన్ను శాఖ పోర్టల్ నుంచి తీసిన విరాళ ధ్రువపత్రం అడిగి దాచుకోండి. ట్రస్టు తెల్ల కాగితం మీద ముద్ర వేసి ఇచ్చేది దానికి సాటి రాదు.

ఏడో మెట్టు: ఇంటర్ దాకా

ఏడాదికో పిల్లను మార్చేవారికంటే ఒక జట్టును ఎనిమిది నుంచి ఇంటర్ దాకా ఐదేళ్లు మోసేవారు నాకు ఇష్టం. పదో తరగతి ఫలితాలు వచ్చిన వేసవి అన్నిటికంటే ప్రమాదం. చేతిలో మార్కుల మెమో ఉంటుంది, కాలేజీ ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, ఇంట్లో సంబంధం మాటలు మొదలవుతాయి. ఆడపిల్లకు పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేయడం 2006 నాటి చట్టం ప్రకారం నేరం. ఇంటర్ రెండేళ్లు హాస్టల్లో గడిస్తే ఆ పిల్ల దాదాపు ఆ వయసుకు చేరుతుంది. చట్టం గురించి సభలు పెట్టడం కంటే హాస్టలు సీటు ఇప్పించడం మా వైపు బాగా పనిచేసింది. మంచి మార్కులు వచ్చినవారికి బాసర ట్రిపుల్ ఐటీ, పాలిటెక్నిక్ దరఖాస్తులు ఆ వేసవిలోనే పడతాయి. ట్రస్టు ఆ రెండు నెలలు సెలవు తీసుకుంటుందా లేదా అన్నది అడిగి తెలుసుకోండి.

మధ్యలో మీ ఉద్యోగం పోవచ్చు. అలాంటప్పుడు మౌనంగా ఆపేయకుండా ఆరు నెలలు ముందుగా చెప్పండి. ఈ మాట మొదటి రోజే ఇరువైపులా కాగితం మీద రాసుకోండి.

ఎనిమిదో మెట్టు: వచ్చి చూడండి, కానీ సంక్రాంతికి కాదు

ఎన్నారైలు చాలామంది సంక్రాంతికి ఊరికి వస్తారు, అప్పుడు బడికి సెలవులు. ట్రస్టువాళ్లు మొహమాటపడి పిల్లలను ఇళ్ల నుంచి పిలిపించి, వరుసలో కూర్చోబెట్టి, శాలువా కప్పుతారు. మీరు చూసేది శాలువానే. అంతకు రెండు వారాల ముందో, సెలవులు అయిన తర్వాతో రండి. మార్చి మధ్యలో వస్తే ఒంటిపూట బడి, ఉదయమే చేరుకోవాలి. చాక్లెట్ డబ్బాలు వద్దు, బ్యానరు వద్దని ముందే చెప్పండి. ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని వెనక బెంచీలో ఒక పీరియడ్ కూర్చోండి. తర్వాత హాజరు పట్టీ అడిగి సెప్టెంబరు పేజీ తీయండి, దాని పక్కన అంతకుముందు ఏడాది సెప్టెంబరు పేజీ పెట్టండి. ఖాళీ గడులు రెండింట్లోనూ లెక్కపెట్టుకుని, ఆ రెండు అంకెలూ మీ ఫోనులో రాసుకుని బస్సెక్కండి.